మా ఎందుకమ్మ చెక్కబిళ్ళలు

మా ఆడపడుచు మంత్రి అయ్యాక పేపర్లవాళ్ళు ఆవిడ గురించి చాలా రాశారు. ధైర్యవంతురాలు అన్నారు, ఉక్కు మనిషి అన్నారు. ఆ ఉక్కు మనిషి బొద్దింకని చూస్తే మంచమెక్కి నిలబడుతుందని ఒక్కరూ రాయలేదు. వాళ్ళకి తెలీదు మరి. నాకు తెలుసు, ఆ బొద్దింకల్ని కొట్టింది నేనే కాబట్టి. నేను ఆవిడకి వదినని, సొంత అన్నగారి భార్యని. నేను ఆ ఇంట్లో అడుగుపెట్టేనాటికి తనకి పదిహేనేళ్ళు. చెయ్యంత జడ, ముక్కు మీద కోపం, నోట్లో ఎప్పుడూ ఒకటే మాట: ఎందుకు?

పొద్దున్నే లేవమంటే ఎందుకు, గట్టిగా నవ్వొద్దంటే ఎందుకు, అన్నయ్యకి ముందు వడ్డించమంటే ఎందుకు. వీధిలో పిల్లలు పేరు మానేసి ఎందుకమ్మా అని పిలవడం మొదలుపెట్టారు. చివరికి అదే నిలిచింది. ఒకసారి సంబంధం చూడటానికి వచ్చినావిడ, వంట వచ్చా అమ్మాయ్ అని అడిగింది. మావాళ్ళమ్మాయి నెమ్మదిగా, "ఎందుకండీ, మీ అబ్బాయికి రాదా?" అంది. వెటకారం కాదు, నిజంగా తెలుసుకుందామనే అడిగింది పాపం. వాళ్ళు టీ సగంలో వదిలేసి లేచారు. అలాంటివి ఆరు సంబంధాలు వెనక్కి పోయాయి. మా అత్తగారు ఏడ్చేది, మా ఆయన తల పట్టుకునేవాడు, నేను వంటింట్లోకి వెళ్ళి నోట్లో గుడ్డ కుక్కుకుని నవ్వేదాన్ని.

పెళ్ళి కుదిరేదాకా ఖాళీగా ఎందుకని నాతోపాటు చొక్కాల ఫ్యాక్టరీకి తీసుకెళ్ళాను. నాది బొత్తాల పని. మిషను వదిలేసిన బొత్తాలు చేత్తో కుట్టాలి. తనది కాలర్ల పని. ఒక్కో లైనులో నలభై మందిమి, అందరం ఆడవాళ్ళమే. లైను చివర గోడకి ఒక మేకు, ఆ మేకుకి తాడు కట్టిన ఒక చెక్కబిళ్ళ ఉండేది. అరచేతి అంత ఉంటుంది, మూలలు గుండ్రంగా అరగదీసి, పైన ఒక చిల్లు. బాత్రూముకి వెళ్ళాలంటే ఆ బిళ్ళ మెడలో వేసుకుని వెళ్ళాలి, వచ్చి మళ్ళీ మేకుకి తగిలించాలి. అప్పుడు ఇంకొకరు వెళ్ళొచ్చు. బిళ్ళ లేకుండా కుర్చీలోంచి లేస్తే సూపర్‌వైజరు అరిచేవాడు. నలభై మందికి ఒక్క బిళ్ళ. మేమేం చేసేవాళ్ళమంటే, పొద్దుటినుంచి నీళ్ళు తాగడం మానేసేవాళ్ళం. అదేమీ మాకు వింతగా ఉండేది కాదు. అందరూ అలాగే ఉండేవారు.

నాకు పెద్దమ్మాయి కడుపులో ఉంది అప్పుడు, ఏడో నెల. ఒకరోజు మధ్యాహ్నం బిళ్ళ కోసం చూశాను, చూశాను. నా ముందు పదకొండు మంది ఉన్నారు. ఏడో ఎనిమిదో మనిషి వెళ్ళేసరికి నా పని అయిపోయింది. అంతకంటే చెప్పను. చేతిలో ఉన్న తెల్ల చొక్కా ముందు అడ్డం పెట్టుకుని, సాయంత్రం గంట కొట్టేదాకా కదలకుండా కూర్చున్నాను. ఎవరికీ తెలీదనుకున్నాను. కాలర్ల వైపునుంచి మా ఎందుకమ్మ చూస్తూనే ఉందట. ఇంటికి వెళ్ళేదాకా ఒక్క మాట మాట్లాడలేదు. ఆ పిల్ల మాట్లాడకపోవడం నేను చూడటం అదే మొదలు.

మర్నాడు టేపు పట్టుకుని బిళ్ళ పొడుగూ వెడల్పూ కొలిచింది. ఫ్యాక్టరీలో ఇస్త్రీ బల్లలు బాగుచెయ్యడానికి ఒక వడ్రంగి వచ్చేవాడు. పొడుగ్గా, చెవి వెనక పెన్సిలు పెట్టుకుని, మాటకి కరువైన మనిషి. అతని దగ్గరికి వెళ్ళి, ఇలాంటివి ఐదు కావాలంది. అతను ఎందుకు అని అడగలేదు. రెండు రోజుల్లో తెచ్చి ఇచ్చాడు. పాతదాని పక్కన పెడితే కన్నతల్లి కూడా పోల్చలేదు, అరుగుదల, మరకలతో సహా అలాగే ఉన్నాయి. తర్వాత ఏడాదికి అతన్నే పెళ్ళి చేసుకుంది. ఇంట్లోవాళ్ళు ఏం చూసి చేసుకున్నావని అడిగితే, ఈ లోకంలో నన్ను ఎందుకని అడగని మగాడు ఇతనొక్కడే అంది. ఊరందర్నీ తను అడగొచ్చు, తనని మాత్రం ఎవరూ అడగకూడదు.

ఇక మా లైనులో రాజభోగం. ఐదు బిళ్ళలు అన్నం డబ్బాల్లో దాచుకునేవాళ్ళం. ఎప్పుడు చూసినా ఒకరు మెడలో బిళ్ళతో వెళ్తున్నారు, ఒకరు వస్తున్నారు. సూపర్‌వైజరు బుర్ర గోక్కునేవాడు. నీళ్ళు తాగడం కూడా మళ్ళీ నేర్చుకున్నాం. నెల రోజులు హాయిగా గడిచింది. ఎలా దొరికిపోయామో చెప్తే నవ్వుతారు. ఒకరోజు ముగ్గురు ఆడవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు తిరిగొచ్చి, అన్నేళ్ళ అలవాటు కదా, బుద్ధిగా ముగ్గురూ బిళ్ళలు తీసి మేకుకి తగిలించి కూర్చున్నారు. సూపర్‌వైజరు వచ్చి చూస్తే ఒక్క మేకుకి మూడు బిళ్ళలు వేలాడుతున్నాయి.

ఎవరు చేశారన్నాడు. మా ఎందుకమ్మ లేచి నిలబడింది. అతను ఖర్మ కాలి, ఎందుకు చేశావని అడిగాడు. ఆ మాట తనని అడిగితే ఊరుకునే మనిషా అది. అరగంట చెప్పింది. ఒక్కో మిషనూ ఆగిపోయింది. నా పేరు ఎత్తకుండా నా చొక్కా సంగతి కూడా చెప్పింది. ఆ సాయంత్రమే ఉద్యోగంలోంచి తీసేశారు. మర్నాడు మేం నాలుగు వందల మందిమి లోపలికి వెళ్ళకుండా గేటు దగ్గర కూర్చున్నాం. నాలుగు రోజులకి యజమాని దిగొచ్చాడు. లైనుకి రెండు బిళ్ళలు ఇస్తానన్నాడు. అదీ మా ఘనవిజయం, నలభై మందికి రెండు. తనని మాత్రం మళ్ళీ పనిలోకి రానివ్వలేదు.

పని లేనివాళ్ళు ఏం చేస్తారు, రాజకీయాల్లోకి వెళ్తారు. ఈ మాట నేనంటే ఇప్పటికీ మూతి ముడుచుకుంటుంది. ముందు సంఘంలో చేరింది, తర్వాత మా వార్డుకి నిలబడింది. మొదటిసారి ఓడిపోయింది, కారణం నాకు తెలుసు. గంటన్నర మాట్లాడింది. ముందు వరుసలో వాళ్ళు మర్యాద కోసం ఉన్నారు, వెనక వరుసలోవాళ్ళు చెప్పులు వెతుక్కున్నారు. ఓడిపోయి వచ్చి మా వంటింట్లో కూర్చుని, నేను చెప్పింది తప్పా వదినా అంది. తప్పు కాదమ్మాయ్, పొడుగు అన్నాను.

అప్పటినుంచి మాకొక అలవాటు పడింది. ఏ మీటింగుకి వెళ్ళినా ముందు వచ్చి నా ముందు నిలబడి మాట్లాడాలి. నేను ఏదో ఒక చొక్కాకి బొత్తాలు కుడుతూ వింటాను. నా సూది నడుస్తున్నంతసేపూ ఆ మాటలు దండగ అన్నమాట, తీసెయ్యాల్సిందే. సూది ఆగిందంటే ఆ మాట ఉంచాలి. నాకు మూడో క్లాసు దాటి చదువు లేదు, పెద్ద పెద్ద మాటలు తెలీవు, కాబట్టి సూదికి మొహమాటం ఉండదు. ఎన్నిసార్లు పేజీలకి పేజీలు చించి నా మొహాన కొట్టిందో. ఒకసారైతే నువ్వు కావాలని కుడుతున్నావని పోట్లాడి, సాయంత్రానికి మళ్ళీ వచ్చింది. రెండోసారి వార్డు గెలిచింది. తర్వాత పెద్ద సభకి, అదే అసెంబ్లీకి, గెలిచింది, ఒకసారి కాదు నాలుగుసార్లు. బడి మానేసిన ఆడపిల్లలకి సాయంత్రం బళ్ళు పెట్టించింది. ఆడవాళ్ళ పేరు మీద ఇంటి కాగితం ఉండాలని కొట్లాడింది. తిట్టినవాళ్ళు తిట్టారు. గోడల మీద బొగ్గుతో రాసినవాళ్ళు రాశారు. వడ్రంగి మొగుడు మాత్రం ఆ గోడలు కడిగి, చెవి వెనక పెన్సిలు సర్దుకుని పనికి వెళ్ళిపోయేవాడు.

ఎన్ని చేసినా ఒక్కటి మాత్రం చేతికి రాలేదు. పని చేసే చోట ఎవరైనా సరే బాత్రూముకి వెళ్ళాలంటే బిళ్ళ, చీటీ, తాళం, ఒకరి అనుమతి, ఏదీ ఉండకూడదని ఒక చట్టం తేవాలని తన ఆశ. రెండుసార్లు బిల్లు పెట్టింది. రెండుసార్లూ పోయింది. మొదటిసారి సభలో నవ్వారు, ఇంత చిన్న విషయం ఇంత పెద్ద సభకా అని. రెండోసారి నవ్వకుండా ఓడించారు. ముందుండి ఓడించినాయన మా పాత చొక్కాల ఫ్యాక్టరీ యజమాని కొడుకే. ఆయన కూడా సభలో మెంబరు. మెడ తిరగనంత గట్టి కాలరు చొక్కాలు వేసుకుంటాడు. మేం ఆయన్ని కాలరు బాబు అనుకునేవాళ్ళం.

అరవై రెండో ఏట తనని కార్మిక శాఖకి మంత్రిని చేశారు. అప్పటికే మోకాళ్ళు పోయాయి, వచ్చే ఎన్నికల్లో నిలబడనని చెప్పేసింది. అంటే ఆ బిల్లుకి ఇదే ఆఖరి అవకాశం. ఈసారి పోతే ఇక తన చేత్తో కాదు. ఆ సంగతి తనకీ తెలుసు, నాకూ తెలుసు, కాలరు బాబుకి మా ఇద్దరికంటే బాగా తెలుసు.

మంత్రి అయ్యాక మా వంటింటికి రావడం తగ్గింది. మాటలు రాసిపెట్టడానికి ఒక సెక్రటరీని ఇచ్చారు. చక్కగా దువ్వుకున్న తల, చేతిలో ఫైలు. ఎనిమిది నెలలు నా సూదికి పని లేదు. నాకేం కోపం రాలేదు. కొంచెం వచ్చింది. బిల్లు మీద చర్చ రేపనగా ఫోను చేసి, వదినా, ఒకసారి మా ఆఫీసుకి రా, నువ్వు వినాలి అంది. నేను కొంచెంసేపు బతిమాలించుకుని, మా వడ్రంగి చొక్కా ఒకటి, సూదీ దారం సంచిలో వేసుకుని వెళ్ళాను.

తన గది బయట బల్ల మీద కూర్చోమన్నారు. లోపల ఎవరో ఉన్నారట. నా వయసులో గంటసేపు కూర్చుంటే ఏమవుతుందో మీకు తెలుసు. వరండా చివర బాత్రూము ఉందన్నారు, వెళ్తే తాళం. తాళంచెవి గుమాస్తా దగ్గరుంది. ఆయన ఒక పుస్తకం తీసి పేరు, టైము రాయమన్నాడు. రాశాను. సొరుగులోంచి తాళంచెవి తీసి ఇచ్చాడు. దానికి తాడుతో ఒక చెక్కబిళ్ళ కట్టి ఉంది.

చేతిలో పడగానే గుర్తుపట్టాను. కళ్ళు మరిచిపోతాయేమో గానీ చెయ్యి మరిచిపోదు. అదే అరచేతి అంత, అవే గుండ్రటి మూలలు, పైన అదే చిల్లు. నేను బయటికి వచ్చేసరికి వరండా తుడిచే ఆవిడ గోడకి ఆనుకుని, కాళ్ళు దగ్గరగా బిగించుకుని నిలబడి ఉంది. అమ్మా, తాళం ఆయనకి ఇవ్వకండి, నాకివ్వండి, ఆయన భోజనానికి లేస్తే తాళం కూడా ఆయనతోనే పోతుంది అంది. ఇచ్చాను. ఆవిడ వచ్చేదాకా నిలబడి, బిళ్ళ తీసుకుని సంచిలో వేసుకున్నాను. గుమాస్తా అమ్మా అమ్మా అంటున్నాడు. నాకు చెవుడు అప్పుడప్పుడు వస్తుంది.

లోపల మంత్రిగారు లేచి నిలబడి ఉపన్యాసం మొదలుపెట్టింది. ఏ దేశంలో ఎంత శాతం, ఏ ఏడాది ఎన్ని వేలమంది, ఏ కమిటీ ఏం చెప్పింది. సెక్రటరీ పక్కన తలాడిస్తున్నాడు. నేను మొదటి బొత్తం కుట్టాను, రెండోది కుట్టాను, ఐదోది కూడా కుట్టేశాను. చొక్కాకి బొత్తాలు అయిపోయాయి గానీ ఉపన్యాసం అవలేదు. తను కాగితాలు బల్ల మీద పడేసి, ఒక్కచోట కూడా ఆగలేదేంటి వదినా అంది. గొంతులో ఏడుపు ఉంది, కోపంలా కనిపించింది అంతే.

నేను సంచిలోంచి బిళ్ళ తీసి బల్ల మీద పెట్టాను.

దాన్ని చూడగానే తన మొహం విప్పారింది. చేతిలోకి తీసుకుని చిన్నపిల్లలా నవ్వింది. "ఇన్నేళ్ళూ దాచావా వదినా? ఏ లైనుది ఇది, మనదేనా?" అంది.

"మన లైనుది కాదమ్మాయ్. మీ ఆఫీసుది. దానికి తాళంచెవి ఉంది చూడు."

తాళంచెవి వంక చూసింది. సెక్రటరీ వంక చూసింది. అతను గొంతు సవరించుకుని, బయటినుంచి వచ్చేవాళ్ళు తాళంచెవి రెండుసార్లు పట్టుకుపోయారని, జేబులో పట్టనంత పెద్ద చెక్క కట్టాలని గుమాస్తా రాస్తే అమ్మగారే సంతకం పెట్టారని చెప్పాడు. చెక్కపని ఎవరికివ్వాలంటే, మా ఆయనకి చెప్పండి అని కూడా అన్నారట. తన గదిలో తనకి వేరే బాత్రూము ఉంది. ఆ వరండా చివరికి ఎనిమిది నెలల్లో ఒక్కసారి కూడా వెళ్ళలేదు.

నా ముందే భర్తకి ఫోను చేసింది. ఆ బిళ్ళ నువ్వే చేశావా అంటే, నువ్వే కదా చెయ్యమన్నావు అన్నాడు. చెప్పొద్దా నాకు అంది. అతను నెమ్మదిగా, ఆ గదంతా వినబడేలా అన్నాడు: "కావాలనే అదే కొలతలో చేశాను. నువ్వు ఎందుకని అడుగుతావేమోనని చూస్తున్నాను."

మా ఎందుకమ్మ కుర్చీలో కూర్చుండిపోయింది. సెక్రటరీ మాత్రం చురుకైనవాడు. ఇప్పుడే తాళం తీయించేస్తానన్నాడు, పుస్తకం తనే దాచేస్తానన్నాడు, కాలరు బాబు చెవిన పడితే రేపు మన పని అయిపోతుంది, మన ముగ్గురం నోరు మూసుకుంటే ఎవరికీ తెలీదు అన్నాడు. అతను చెప్పింది నిజమే. తను నా వంక చూసింది. నేనేం చెప్తాను, నాకు సూది పట్టుకోవడం వచ్చు గానీ సభలు నడపడం వచ్చా. చొక్కా మడత పెట్టుకుని ఇంటికొచ్చేశాను. తాళం మాత్రం ఆ పూటే తీయించిందని తర్వాత తెలిసింది. రేపు ఏం మాట్లాడుతుందో చెప్పలేదు. బిళ్ళ మాత్రం తన దగ్గరే ఉంచుకుంది.

మర్నాడు మా వడ్రంగీ నేనూ సభకి వెళ్ళాం. గేటు దగ్గర కాపలా అమ్మాయి నా సంచి వెతికి, సూది లోపలికి తీసుకెళ్ళకూడదంది. ముప్పై ఏళ్ళుగా ఈ మంత్రిగారి నోటికి కళ్ళెం ఈ సూదే తల్లీ అన్నాను. వినలేదు. సూది ఒక కవరులో వేసి, చేతికి ఒక ఇత్తడి బిళ్ళ ఇచ్చింది. వెళ్ళేటప్పుడు ఇది చూపిస్తే సూది ఇస్తారట. మా వడ్రంగి నా వంక చూసి, ఆ వారంలో మొదటిసారి నవ్వాడు.

పైన, చూడటానికి వచ్చినవాళ్ళ వరుసలో కూర్చున్నాం. కింద తను లేచింది. కాగితం చూసి మొదలుపెట్టింది, ఆ శాతాలే, ఆ కమిటీలే. రెండు మాటలకోసారి తలెత్తి నా వంక చూస్తోంది. అలవాటు కదా. చేతిలో ఏమీ లేదు, అయినా నేను ఉత్త చేతులతోనే గాల్లో బొత్తాలు కుట్టడం మొదలుపెట్టాను. పక్కనావిడ నా వంక చూసి కొంచెం దూరంగా జరిగింది. కుడుతున్నాను, కుడుతున్నాను. కింద కాలరు బాబు ఆవులించాడు. తన పార్టీవాళ్ళే ఇద్దరు లేచి బయటికి వెళ్ళబోయారు.

తను కాగితాలు మడిచేసింది. సంచిలోంచి చెక్కబిళ్ళ తీసి, తాడు విప్పి, మెడలో వేసుకుంది. మంత్రిగారు, అరవై రెండేళ్ళ మనిషి, అంతమంది మధ్య. లేచిన ఇద్దరూ గుమ్మం దగ్గరే ఆగారు. నలభై మందికి ఒక్క బిళ్ళ సంగతి చెప్పింది. తెల్ల చొక్కా సంగతి చెప్పింది. ఈసారి కూడా నా పేరు ఎత్తలేదు. తర్వాత అంది, ఇప్పుడు నా మెడలో ఉన్నది ఆ బిళ్ళ కాదు, నిన్నటిదాకా మా ఆఫీసు బాత్రూము తాళానికి కట్టి ఉన్నది, నేనే సంతకం పెట్టి చేయించాను అని.

ముందు ఒక్కరు నవ్వారు, తర్వాత సగం సభ నవ్వింది. కాలరు బాబు మెడ తిరక్కపోయినా మొత్తం మనిషే తిరిగి లేచాడు. మంత్రిగారికే పాటించడం చేతకానిది ఊరందరి మీదా రుద్దుతారా అన్నాడు. బల్లలు చరిచారు. మా వడ్రంగి కళ్ళు మూసుకున్నాడు.

తను నవ్వులు ఆగేదాకా నిలబడింది. బిళ్ళ పట్టుకుని, గొంతు పెంచకుండా చెప్పింది.

"అయ్యా, మీరన్నది నిజం. దీనికోసం ఉద్యోగం పోగొట్టుకున్నదాన్ని నేను. నాకంటూ వేరే బాత్రూము దొరికిన ఎనిమిది నెలలకే మరిచిపోయాను. నాలాంటిదే మరిచిపోతే ఇక ఎవర్ని నమ్ముతారు? మంచివాళ్ళ జ్ఞాపకం మీద వదిలెయ్యకండి. కాగితం మీద రాసి పెట్టండి. రేపు నేను మరిచిపోయినా, మా వరండా తుడిచే ఆవిడ ఆ కాగితం చూపించి నన్ను ఎందుకని అడగాలి."

తలెత్తి నా వంక చూసింది. నా చెయ్యి గాల్లోనే ఆగిపోయి ఉంది. ఎప్పుడు ఆగిందో నాకు తెలీదు.

అది చూసి తను కూర్చుంది. ఇంకా నాలుగు పేజీలు ఉన్నాయట, ఒక్కటీ చదవలేదు. బయటికి వెళ్ళబోయిన ఇద్దరూ వెనక్కి వచ్చి కూర్చున్నారు. ఓట్లు లెక్కపెట్టడానికి చాలాసేపు పట్టింది, మా వడ్రంగి చెవి వెనక పెన్సిలు తీసి కొరికేశాడు. మూడు ఓట్ల తేడాతో బిల్లు గెలిచింది. అవతలి పక్షంలో ఉన్న ఆడవాళ్ళు ఐదుగురూ ఇటే చెయ్యెత్తారు. వాళ్ళ పెద్దలు అడిగితే ఏం చెప్పారో నాకు తెలీదు.

గేటు దగ్గర ఇత్తడి బిళ్ళ ఇచ్చి నా సూది నేను తీసుకున్నాను. కారులో వెనక సీట్లో మేమిద్దరం, ముందు మా వడ్రంగి. తన మెడలో బిళ్ళ అలాగే ఉంది, తియ్యడం మరిచిపోయింది. నేను చూశాను గానీ చెప్పలేదు. సంచిలోంచి ఆ చొక్కానే తీసి, చేతి పట్టీకి వదులైన బొత్తం బిగించడం మొదలుపెట్టాను. కాసేపు కిటికీలోంచి చూస్తూ కళ్ళు తుడుచుకుంది. తర్వాత నావైపు తిరిగి, వదినా, రేపు ఫ్యాక్టరీ ఆడవాళ్ళు మీటింగు పెట్టారు, ఏం చెప్పాలో ఇప్పుడే తట్టింది, విను అంది. గొంతు సవరించుకుంది. చరిత్రలో ఈ రోజు, అని మొదలుపెట్టింది.

ఇల్లు చేరేదాకా చెప్పింది. నా సూది ఒక్కసారి కూడా ఆగలేదు.